ముందు చక్రాల బరువు

తాడేపల్లిగూడెంలో ఒక టైర్ల దుకాణం. నా కారు ముందు చక్రాన్ని యంత్రానికి బిగించి తిప్పిన మెకానిక్, తెర మీది అంకె చూసి, "లోపలి పక్క ముప్ఫై గ్రాములు పడతాయండీ" అన్నాడు. డబ్బాలోంచి బరువుల పట్టీ తీసి, అయిదేసి గ్రాముల బిళ్ళలు ఆరు తుంచాడు. రిమ్ము లోపలి అంచును గుడ్డతో తుడిచి, బిళ్ళలు అతికించి, ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో రెండుసార్లు నొక్కాడు. మొదటిసారి మెల్లగా. రెండోసారి, వేలి గోరు తెల్లబడేదాకా.

"ఏవండీ, రెండో చక్రం కూడా చూసేయమంటారా?" అని అతను అడిగింది వినపడింది గాని నా చూపు ఆ గోరు మీదే ఉంది. గోరు తెల్లబడేదాకా నొక్కే మనిషి ఒకాయన ఏలూరులో ఉండేవారు. పోయిన నెలలో కాలం చేశారు. ఆ కబురు ఫోనులో విన్నప్పుడు నాకు కన్నీళ్ళు రాలేదు. టైర్ల దుకాణంలో, రబ్బరు వాసన మధ్య, వచ్చాయి.

ఆయన పేరు రాయను. రాస్తే ఇష్టపడే మనిషి కారు. ఏలూరు వన్ టౌన్‌లో వలలు, నైలాను తాళ్ళు, దారపు ఉండలు అమ్మే దుకాణం ఆయనది. కొల్లేటి పల్లెల వాళ్ళకు "వలల శెట్టిగారు". అరవై దాటాక ఆయనకు రాక్ క్రాలర్ల మీద మోజు పుట్టింది. రాక్ క్రాలర్ అంటే చేతిలోని రిమోట్‌తో నడిపే బండి. మూరెడు పొడవుంటుంది, నాలుగు చక్రాలకూ మోటారు శక్తి అందుతుంది. అది పరుగెత్తదు, రాళ్ళెక్కుతుంది. ఏలూరు నుంచి కొల్లేరు దాకా నడిస్తే కాలికి రాయన్నది తగలదు, అంతా నల్ల ఒండ్రే. అలాంటి చోట రాళ్ళెక్కే బండి ఎందుకని అడిగినవాళ్ళకు ఆయన తమ్మిలేరు గట్టుకు వరద రక్షణగా పేర్చిన రాళ్ళు చూపించేవారు. ఆదివారం పొద్దున ఆయన్ను చూడాలంటే అక్కడికే వెళ్ళాలి.

బండి నిట్టనిలువు రాయి ఎక్కుతున్నప్పుడు బరువు వెనక్కి జారుతుంది. ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి, బండి వెల్లకిలా పడుతుంది. దీనికి మందు ఒకటే. ముందు చక్రాల లోపల, నేలకు వీలైనంత దగ్గరగా, బరువు వేయాలి. ఇందుకోసం ఇత్తడి బరువులు అమ్ముతారు. ఆయనకు అవి నచ్చేవి కావు. విసురు వల అంచుకు కట్టే సీసపు గుండ్లు దుకాణంలో బస్తాలకొద్దీ ఉండేవి. టైరు ఊడదీసి, ఆ గుండ్లను రిమ్ము చుట్టూ వరసగా, రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి, మళ్ళీ టైరు ఎక్కించేవారు. ఆ టేపు చుట్ట ఎప్పుడూ ఆయన ఎడమ చేతికి గాజులా వేలాడుతుండేది. పెళ్ళిళ్ళకు కూడా అలాగే వచ్చేవారని వాళ్ళావిడ ఫిర్యాదు.

"మా ఇంట్లో గ్యాసు బండ లోపలికి పెట్టే దిక్కు లేదండీ. చక్రాలకు మాత్రం బరువులెత్తుతారు" అనేవారావిడ, మాకు కాఫీ అందిస్తూ.

"గ్యాసు బండకు ముందూ వెనకా లేదు కదే" అనేవారాయన, తల ఎత్తకుండా.

ముందూ వెనకా అన్నది ఆయనకు ప్రపంచాన్ని కొలిచే కొలత. ధాన్యం బస్తాల ట్రాక్టరు వీధిలో పోతుంటే దాని ముందు చక్రాలు నేలను సరిగ్గా తాకుతున్నాయా అని వంగి చూసేవారు. ఆటో ఎక్కబోతూ, అప్పటికే వెనక నలుగురు కూర్చుని ఉంటే, "నేను ముందు కూర్చుంటానండీ, బండికి మంచిది" అని డ్రైవరు పక్కన సర్దుకునేవారు. బండిని ఎవరైనా పైభాగం పట్టుకుని ఎత్తితే ఆయన ముఖం చిట్లించేవారు. చక్రాల కింద చేతులు పెట్టి ఎత్తాలి, పసిబిడ్డను ఎత్తినట్టు. బండి కష్టమైన రాయి ఎక్కుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టేవారు. ఒకసారి గడియారం చూశాను: నలభై రెండు సెకన్లు.

నా ఉద్యోగం తూకపు యంత్రాలను సరిచూడటం. గూడెం ఉల్లిపాయల మార్కెట్టు మొదలుకుని రైసు మిల్లుల దాకా తిరిగి, ప్రమాణ బరువులు పెట్టి, ఏ యంత్రం ఎంత తప్పు చెబుతోందో కాగితం మీద రాసి సంతకం చేస్తాను. ఆయన పరిచయం కూడా ఆ పని మీదే. దుకాణంలో దారం తూచే పెద్ద యంత్రం చూశాక, గల్లాపెట్టె పక్కన కంసాలి తక్కెడంత చిన్న ఎలక్ట్రానిక్ యంత్రం కనపడింది.

"ఇది కూడా చూడమంటారా?"

"అది వ్యాపారానికి కాదండీ. నా సొంతానికి. అయినా చూడండి."

నూరు గ్రాముల ప్రమాణ బరువు పెట్టాను. నూట రెండు చూపించింది. చెప్పాను.

ఆయన చాలాసేపు ఆ అంకెనే చూశారు. "ఎప్పటి నుంచండీ?" అని అడిగారు.

"అది నేను చెప్పలేనండీ. ఇవాళ ఎంత తప్పో మాత్రమే చెప్పగలను."

మరుసటి ఆదివారం అటుగా వెళ్ళాను. దుకాణం వెనక గదిలో ఆరు బండ్ల చక్రాలు, మొత్తం ఇరవై నాలుగు, చాప మీద పరిచి ఉన్నాయి. టైర్లన్నీ ఊడదీశారు, గుండ్లన్నీ పీకారు. రిమ్ము లోపల మార్కరుతో రాసుకున్న పాత బరువును ఒక్క గీతతో కొట్టేసి, కింద కొత్త బరువు రాస్తున్నారు.

"రెండు గ్రాములే కదండీ. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"నాకు మొన్న తెలిసిందండీ. బండికి ముందునుంచీ తెలుసు."

ఆ రోజు నుంచి నేను ఆయనకు "ఇంజినీరు గారు". ఆయన బలవంతం మీద నేనూ ఒక బండి కొన్నాను. నా అంకెలను నేను నమ్మే దానికంటే ఆయన ఎక్కువ నమ్మేవారు. ముందు చక్రానికి గరిష్ఠంగా ఎంత బరువు వేయవచ్చో లెక్క కట్టమని ఒకసారి అడిగారు. ముందు ఇరుసులో ఉన్న పళ్ళచక్రం చిన్నది, దాని పళ్ళ మందం కొలిచాను, మోటారు బలం చూశాను, ఒక్కో చక్రానికి నూట ఎనభై గ్రాములని తేల్చాను. "అంతకు మించితే గేరు పళ్ళు తెగుతాయండీ" అన్నాను. ఆయన ఆ అంకెను అట్టముక్క మీద రాసి, బండి పెట్టెలో మూత లోపలి వైపు అతికించారు. ఆపైన ఎన్నడూ నూట ఎనభై దాటలేదు. నేను గర్వపడ్డాను. ఆ గర్వం ఒక మనిషి ప్రాణం మీదికి తేబోతుందని నాకు అప్పుడు తెలియదు.

రెండేళ్ళ కిందట, ముసురు పట్టిన రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున పదింటికి మేమిద్దరం దుకాణంలో ఉన్నాం. తమ్మిలేరు గట్టుకు బయలుదేరబోతుంటే ఫోను మోగింది. చేసినవారు రత్నం గారు, ఆయన పాత ఖాతాదారు. పెదపాడు దాటాక కొల్లేటి అంచున చేపల చెరువు కౌలుకు చేస్తారు. రత్నం గారి మాట నాకు కూడా వినపడుతోంది.

"యాభై మీటర్ల తాడు కావాలండీ శెట్టిగారూ. సన్నంది, గట్టిది. ఇప్పుడే మనిషిని పంపిస్తున్నాను."

"దేనికండీ?"

"తూము పూడిపోయిందండీ. మా సింహాచలం నడుముకు కట్టుకుని దూరతాడు."

ఆయన చెయ్యి తాడు చుట్ట మీద ఆగిపోయింది. "తూము ఎంతండీ?"

"రెండడుగుల పైపులండీ."

"ఒండ్రెంత పట్టింది?"

"మధ్యలో సగం పైనే ఉంటుందండీ. మీరు తాడు తీసి ఉంచండి."

"తాడు నేనే తెస్తానండీ. నేనొచ్చేదాకా మనిషిని దించకండి."

"ఎంతసేపండీ? చేప నోరు పైకి పెట్టేసింది."

"ముప్పావుగంట."

ఆయన తాడుతోపాటు బండి పెట్టె, ఒక దారపు ఉండ తీసుకున్నారు. నా కారులో బయలుదేరాం. బండిని పెట్టెలోంచి తీసి, చక్రాల కింద చేతులు పెట్టి ఒళ్ళో పట్టుకున్నారు. బండి తూములోకి వెళ్ళి దారం అవతలికి చేరిస్తే, దారంతో తాడు, తాడుతో గొలుసు లాగవచ్చు; మనిషి దూరనక్కర్లేదు. ఈ ఆలోచన ఆయన నాకు చెప్పలేదు. ఒళ్ళోని బండిని చూసి నేనే గ్రహించాను. పెదపాడు దాటాక అడిగారు.

"రెండడుగుల పైపులో అడుగు ఒండ్రుంటే మిగిలేది అడుగండీ. మనిషి ఛాతీ మందం ఎంతుంటుంది?"

"బక్క మనిషికి ఎనిమిది, తొమ్మిది అంగుళాలండీ."

"ఊపిరి పీల్చినప్పుడా, వదిలినప్పుడా?"

నేను గేరు మార్చి వేగం పెంచాను.

చెరువు దగ్గర దిగేసరికి పరిస్థితి ఒక్క చూపులో అర్థమైంది. రెండు రోజులుగా ఎండ లేదు. నీరు పచ్చగా చిక్కబడింది. అలాంటి నీటిలో ఎండ లేకపోతే ప్రాణవాయువు తగ్గిపోతుంది. రెండు ఏరేటర్లు నీటిని చిలుకుతూనే ఉన్నా, వాటికి దూరంగా చెరువంతా చేపల నోళ్ళే. తెరుచుకోవడం, మూసుకోవడం. గట్టు మీద నిలబడితే చినుకులు పడుతున్నట్టు చప్పుడు. ఇంకో ఇరవై రోజులకు చేపల పట్టుబడి. కాలువలోంచి కొత్త నీరు దిగితేనే ఆ చేప దక్కుతుంది. రాత్రంతా నిద్రలేని కళ్ళతో రత్నం గారు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నారు.

కాలువ నీరు చెరువులోకి తెచ్చే తూము గట్టు కింద నుంచి, దాని పక్క రోడ్డు కింద నుంచి వస్తుంది. రెండున్నర మీటర్ల సిమెంటు పైపులు పద్నాలుగు. ముప్ఫై అయిదు మీటర్లు. కాలువ వైపు తూము నోటి దగ్గర ఇటుకల తొట్టి ఉంది. దానికి అడ్డంగా చెక్క పలకలు దించి నీటిని ఆపారు. చెరువు వైపు నోటి దగ్గర సింహాచలం నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. ఆ పూట అతని అర్హత కూడా అదే. చొక్కా విప్పి, మడిచి, సైకిలు సీటు మీద పెట్టాడు. వెనక క్యారేజికి అతని విసురు వల కట్టి ఉంది.

"తాడు ఇలా ఇవ్వండి" అన్నారు రత్నం గారు.

"ముందు దీన్ని పంపుదామండీ."

రత్నం గారు బండిని చూశారు. "ఏంటండీ శెట్టిగారూ. నా చేప పోతుంటే మీరు బొమ్మ తెచ్చారా?"

"పదిహేను నిమిషాలివ్వండి."

దారం కొసను బండి వెనక కొక్కేనికి కట్టారు. బండి ముందు రెండు చిన్న లైట్లు వెలిగించారు. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, ముఖం తూము నోట్లో పెట్టి రిమోట్ పట్టుకున్నారు. నేను పక్కనే కూర్చుని దారం వదులుతూ, రెండున్నర మీటర్లకో అతుకు దాటుతూ బండి చేసే కీచు చప్పుళ్ళు లెక్కపెడుతున్నాను. నాలుగో పైపు. ఆరో పైపు. ఒండ్రు పెరుగుతోంది. తొమ్మిదో పైపు దగ్గర ఒండ్రు దిబ్బలా ఉంది. బండి ఎక్కడం మొదలుపెట్టింది. ఇరవై రెండు మీటర్ల తడి దారం దాన్ని వెనక్కి లాగుతోంది. లైట్లు పైకప్పు వైపు లేచాయి. అక్కడే ఆగాయి. ఒక్కసారిగా ఆరిపోయినట్టయింది. బండి వెల్లకిలా పడింది.

దారం పట్టి మెల్లగా వెనక్కి లాగాం. పావుగంట పట్టింది. బయటికొచ్చిన బండిని కడిగి, చక్రాలు చూసి, ఆయన నా వైపు తిరిగారు.

"ముందు బరువు చాలలేదండీ."

అవును. వెనక దారం లాగుడు నా లెక్కలో లేదు. దుకాణంలో సీసం బస్తాలకొద్దీ ఉంది. మేము ఒక్క గుండు కూడా వెంట తేలేదు. నూట ఎనభై మించకూడదన్న నా అంకె ఉండగా అదనపు గుండ్లు దేనికి? ఏలూరు వెళ్ళి రావాలంటే గంటన్నర.

"ఇంక చాలండీ" అన్నారు రత్నం గారు. గొంతులో కోపం లేదు, అదే భయమేసింది. "ఆ మూలన పైకొచ్చినవి తిరగబడుతున్నాయి. ఒరేయ్ సింహాచలం, తాడు కట్టుకో."

"అలాగేనండీ" అన్నాడు సింహాచలం. తాడు నడుముకు రెండు చుట్లు చుట్టి ముడేశాడు. తూము నోటి ముందు వంగి, చేతులు లోపలికి చాపి, తల, భుజాలు దూర్చాడు.

శెట్టిగారు వెళ్ళి ఆ తాడు పట్టుకున్నారు. లాగలేదు. పట్టుకున్నారంతే. "ఏవండీ సింహాచలం గారూ, ఒకసారి బయటికి రండి."

అతను వచ్చాడు. జుట్టు నిండా సాలెగూడు.

"మీకు వెళ్ళాలని ఉందాండీ?"

"వెళ్ళాలండీ."

"వెళ్ళాలా అని కాదండీ. వెళ్ళాలని ఉందా అని అడుగుతున్నాను."

సింహాచలం రత్నం గారి వైపు చూశాడు. ఆయన చెరువు వైపు చూస్తున్నారు. పొద్దుటినుంచీ ఆ గట్టు మీద ఎవరూ అతన్ని ఆ మాట అడగలేదు. నేనూ అడగలేదు, పైపు మాత్రం కొలిచాను.

"లేదండీ" అన్నాడు. అంత చిన్న గొంతుతో ఒక మగమనిషి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

రత్నం గారు ఏదో అనబోయి ఆగారు. శెట్టిగారు అప్పటికే సైకిలు దగ్గరకు నడిచారు. క్యారేజి మీది వల దించి, అంచు వెతికి, జేబులోంచి బ్లేడు తీశారు.

"శెట్టిగారూ!" సింహాచలం కేక వేశాడు. తూములో దూరడానికి వేయని కేక అది.

వలకు కత్తి పెట్టకూడదు. గుండు మార్చాలంటే ముడి విప్పి మార్చాలి గాని దారం కోయరు. అది కొల్లేటి వాళ్ళ నియమం. నలభై ఏళ్ళు వలలు అమ్మిన మనిషికి ఆ సంగతి తెలియకపోదు. దుకాణంలో ఆయన వల మీద బ్లేడు ఆనించగా నేను చూడలేదు. ఆ రోజు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ఇరవై గుండ్లు కోశారు. చక్రానికి పది. నేను అరచేతిలో ఒకటి పెట్టుకుని తూకం అంచనా వేశాను. ఎనిమిది గ్రాములు. నూట ఎనభైకి ఎనభై కలిస్తే రెండు వందల అరవై.

"గేరు తెగుతుందండీ" అన్నాను.

టైరు ఎక్కిస్తూ అడిగారు: "ఎక్కడ తెగుతుందండీ?"

"అది చెప్పలేనండీ. దిబ్బ ఎక్కేటప్పుడు తెగొచ్చు. దిగేటప్పుడు తెగొచ్చు."

"ఎక్కకముందు తెగితే నేను ఆగనండీ శెట్టిగారూ" అన్నారు రత్నం గారు. "వాడు వెళ్ళకపోతే నేను వెళ్తాను. అంతే."

ఆ మాట ఉత్తుత్తిది కాదు. ఆయన చొక్కా గుండీలు విప్పుతున్నారు. ఆయన ఒళ్ళు పెద్దది. ఆ తూములో మూడో పైపు దాటరు.

ఈసారి నేను రోడ్డు దాటి కాలువ వైపు తొట్టిలోకి దిగాను. చేతిలో టార్చి, అయిదు మీటర్ల వెదురు గడ, దాని కొసకు వంచి కట్టిన తీగ కొక్కెం. వీపు వెనక పలకలు. వాటి సందుల్లోంచి కాలువ నీరు సన్నటి ధారలుగా నా మెడ మీద పడుతోంది. తూము నోట్లో తల పెట్టి చూశాను. చీకటి. కుళ్ళిన ఒండ్రు వాసన. చాలాసేపటికి, పొరుగింట్లో కుట్టుమిషను లాంటి మోటారు చప్పుడు.

దిబ్బ అవతల పైకప్పు మీద వెలుతురు పడింది. బండి ఎక్కుతోందన్నమాట. లైట్లు పైకి, ఇంకా పైకి. తొమ్మిదో పైపు, పదో పైపు కలిసే చోట పైభాగం ఆ వెలుతురులో తెలిసింది. అక్కడ సిమెంటు గుండ్రంగా లేదు. కిందికి వంగి ఉంది. తుప్పు పట్టిన ఊచ ఒకటి వేలాడుతోంది. నాకు కేక వేయాలనిపించింది. ఎవరికి, ఏమని వేయాలో తెలియలేదు. లైట్లు అక్కడే ఆగాయి. వెనకటిసారి కూడా సరిగ్గా ఇక్కడే ఆగాయి. నేను అంకెలు లెక్కపెట్టాను. పదకొండు. పన్నెండు. పందొమ్మిది దగ్గర లైట్లు మెల్లగా, బరువుగా, కిందికి వంగి నా కళ్ళలో పడ్డాయి.

దిగింది. పదకొండో పైపు. పన్నెండు. పదమూడో పైపు మధ్యలో, చెక్క పుల్ల విరిచినట్టు, టక్కుమని శబ్దం. ముందు చక్రాలు ఆగిపోయాయి. వెనక చక్రాలు మాత్రం తిరుగుతూ బండిని ఒండ్రులోకి నెట్టుకుంటున్నాయి. నాకు నాలుగు మీటర్ల దూరంలో ఉంది. నా లెక్క తప్పలేదు: గేరు తెగింది. దిబ్బకు ఇవతల తెగింది.

ఒక భుజం లోపలికి దూర్చి గడ చాపాను. రెండుసార్లు కొక్కెం జారింది. మూడోసారి ముందు చక్రపు రిమ్ముకు పట్టింది. లాగాను. దారం చేతికొచ్చింది. "వచ్చింది!" అని నేను వేసిన కేక తూములోంచి అవతలికి వెళ్ళింది. అటు పక్క ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

తరువాతి పని ఆ గట్టు మీద అందరికీ తెలిసిందే. దారానికి తాడు, తాడుకు ఇనప గొలుసు, గొలుసుకు పాత ట్రాక్టరు టైరు ముక్క. చెరువు వైపు ట్రాక్టరు లాగింది. మొదటిసారి నల్లటి ఒండ్రు కుప్పగా వచ్చింది. రెండోసారి ఇంకాస్త. మూడోసారి గొలుసు ఎక్కడో పట్టేసింది, ట్రాక్టరు ముందు చక్రాలు జానెడు లేచాయి, లోపల ఏదో కూలిన చప్పుడైంది. ఒండ్రుతో పాటు సిమెంటు పెచ్చు ఒకటి బయటికి దొర్లింది.

ఆ పెచ్చును కొలత టేపుతో కొలిచాను. నాకు వేరే ఏం చేయాలో తోచలేదు. పొడవు నలభై సెంటీమీటర్లు, వెడల్పు ముప్ఫై, మందం ఆరు. పదిహేడు కిలోలు. గొలుసు రాపిడికే ఊడిన పెచ్చు అది. మనిషి వీపు రాపిడికి ఊడకుండా ఉంటుందని ఏ లెక్కతోనూ చెప్పలేను. ఊడితే ముందుకు దారి లేదు, వెనక్కి తిరిగే చోటు లేదు.

సింహాచలం దాన్ని కాలితో ఒకసారి కదిపి చూశాడు. వెళ్ళి చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నాడు.

"వాణ్ణి నేను అడగలేదండీ" అన్నారు రత్నం గారు, ఎవరితోనో తెలియనట్టు. "అలాగేనండీ అన్నాడు. నేను అడగనే లేదు." కాసేపటికి తేరుకుని, తొట్టి దగ్గరున్న మనుషులకు పలకలు తీయమని కేకేశారు. తూములోంచి మొదట నల్లగా, తరువాత ఎర్రగా, తరువాత నీళ్ళలా నీళ్ళొచ్చాయి. చేపలు కొన్ని పోయాయి. ఎక్కువ దక్కాయి.

శెట్టిగారు తెగిన గేరు వంక చూడలేదు. తూము పక్కన గట్టు మీద కూర్చుని, రెండు ముందు చక్రాల టైర్లు ఊడదీసి, టేపు చీల్చి, ఇరవై గుండ్లూ కాలువ నీళ్ళలో కడిగి తువ్వాలు మీద ఆరబోశారు. అప్పుడు సింహాచలాన్ని పిలిచారు.

"మీ వల పాడుచేశానండీ."

"కత్తి పెట్టారండీ" అన్నాడు సింహాచలం. అంతసేపటికీ అతని ముఖంలో కోపం కనపడటం అదే మొదలు.

"పెట్టానండీ. కొత్త వల రేపు పంపిస్తాను."

"కొత్తదెందుకండీ? కోసినవాళ్ళే కట్టాలి."

ఆయన వల ఒళ్ళోకి తీసుకున్నారు. నలభై ఏళ్ళు వలలు అమ్మిన మనిషికి గుండు కట్టే ముడి రాదని నాకు ఆ క్షణంలో తెలిసింది. దారం గుండులోంచి దూర్చి, వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పారు. రిమోట్ మీద ఒక్కసారి కూడా తడబడని వేళ్ళకు ముడి పడలేదు. సింహాచలం ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. కాసేపు చూశాడు.

"అలా కాదు. కిందనుంచి తే."

ఆయన కిందనుంచి తెచ్చారు.

"ఇప్పుడు మెలిపెట్టి లాగు."

లాగారు. గుండు జారి ఒళ్ళో పడింది.

"విప్పు" అన్నాడు సింహాచలం, దారం కొస తన వేళ్ళతో పట్టుకుని చూపిస్తూ. "మళ్ళీ కట్టు."

ఆయన విప్పారు.